మంట లేని కొలిమి: ఇండక్షన్ హీటింగ్‌ను అర్థం చేసుకుని పనిలో పెట్టే విధానం

రాగి గొట్టాన్ని నాలుగైదు చుట్లు చుట్టి, మధ్యలో వేలు లావు ఉక్కు కడ్డీ నిలబెట్టారనుకోండి. స్విచ్ వేయగానే సన్నటి కూత వినిపిస్తుంది. ఒకటి రెండు సెకన్లు కంటికి ఏమీ కనబడదు. తర్వాత కడ్డీ మీద నీలి ఛాయ పాకుతుంది, వెనువెంటనే ముదురు ఎరుపు, ఆ తర్వాత నారింజ రంగు. రాగి గొట్టం మాత్రం రాగి రంగులోనే ఉంటుంది. దానిలోంచి తిరిగి వచ్చే నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, అంతే. మంట లేదు, పొగ లేదు, కడ్డీని తాకిన వస్తువూ ఏదీ లేదు.

ఈ దృశ్యం ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. కొలిమిలో అయితే నిప్పు గాలిని కాల్చాలి, గాలి ఇటుకను కాల్చాలి, ఇటుక ఉక్కును కాల్చాలి. ఇక్కడ ఆ మజిలీలన్నీ తప్పిపోయి, జాబ్, అంటే మనం కాల్చే వస్తువు, తనలో తానే వేడిని పుట్టించుకుంటుంది. ఆ వేడి ఎంత లోతున పుట్టాలి, ఎంతసేపు పుట్టాలి, ఏ చోట పుట్టాలి అన్నది మన చేతుల్లో ఉంటుంది.

ఇండక్షన్ పని చెడిపోతే అందరూ ముందు మెషిన్‌నే అనుమానిస్తారు. నేను చూసినంతలో తప్పు చాలాసార్లు కాయిల్ (ఆ రాగి చుట్ట)లోనో, నీళ్లలోనో, మొదట వేసుకున్న లెక్కలోనో దొరికింది. అందుకే ఈ మూడింటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. డిగ్రీలు రాసిన చోటల్లా అవి సెల్సియస్ డిగ్రీలే.

జాబ్ లోపల జరిగేది

1831లో మైకేల్ ఫారడే ఒక ఇనుప వలయానికి రెండు వైపులా తీగలు చుట్టి, ఒక చుట్టలో కరెంటు పెట్టిన క్షణంలోనూ తీసేసిన క్షణంలోనూ రెండో చుట్టకు కట్టిన మీటరు ముల్లు కదలడం గమనించాడు. కరెంటు నిలకడగా పారుతున్నంతసేపూ ముల్లు కదల్లేదు. అయస్కాంత క్షేత్రం ఉంటే చాలదు, అది మారుతూ ఉండాలి. అదే విద్యుదయస్కాంత ప్రేరణ. 1855లో ఫూకో రాగి పళ్లేన్ని బలమైన అయస్కాంత ధ్రువాల మధ్య తిప్పితే అది బరువెక్కినట్టు తిరగడమే కాక వేడెక్కడం కూడా చూపించాడు. లోహపు ముద్దలో సుడులు తిరిగే ఆ ప్రవాహాలనే ఎడ్డీ కరెంట్లు అంటాం. ట్రాన్స్‌ఫార్మర్లు చేసేవాళ్లకు ఇవి నష్టం, అందుకే వాళ్లు కోర్‌ను పలుచటి రేకులుగా పేరుస్తారు. మనకు ఇవే ఆధారం.

అసలు ఇండక్షన్ హీటర్‌ను ట్రాన్స్‌ఫార్మర్‌గా ఊహించుకుంటే సులువుగా అర్థమవుతుంది. కాయిల్ ప్రైమరీ, అంటే కరెంటు ఇచ్చే చుట్ట. జాబ్ ఒకే ఒక్క చుట్టు ఉన్న సెకండరీ, అంటే కరెంటు పుట్టే చుట్ట, అది కూడా షార్ట్ అయిన సెకండరీ. కాయిల్‌లో ఏసీ కరెంటు పారితే జాబ్‌లో దానికి ఎదురు దిశలో పెద్ద కరెంటు పుడుతుంది. ఆ కరెంటు లోహపు నిరోధాన్ని దాటుకుంటూ వేడిగా మారుతుంది. వేడి కరెంటు వర్గానికి అనుపాతంగా పెరుగుతుందని జౌల్ చెప్పిన సూత్రం ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు.

ఇనుము, ఉక్కు లాంటి అయస్కాంత లోహాల్లో ఇంకో చిన్న వాటా ఉంది. క్షేత్రం దిశ మార్చిన ప్రతిసారీ లోపలి అయస్కాంత మండలాలు అటూ ఇటూ తిరగాలి. ఆ రాపిడిలాంటి నష్టం, అంటే హిస్టెరిసిస్, కొంత వేడినిస్తుంది. కానీ ఇనుము 770 డిగ్రీల దగ్గర తన అయస్కాంత గుణాన్ని పోగొట్టుకుంటుంది. దాన్ని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. అక్కడి నుంచి ఈ వాటా సున్నా.

క్యూరీ దాటే క్షణాన్ని ప్యానెల్ మీద కళ్లారా చూడవచ్చు. కడ్డీ ఎర్రబడేదాకా వేడి పరుగున పెరుగుతుంది, ఆ తర్వాత ఒక్కసారి నెమ్మదిస్తుంది. అదే సమయంలో ఫ్రీక్వెన్సీ అంకె పైకి జరుగుతుంది, ఎందుకంటే జాబ్ అయస్కాంత గుణం పోగానే కాయిల్ ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) తగ్గుతుంది. కొత్తగా చేరిన ఆపరేటర్‌కు నేను ముందు చూపించేది ఈ అంకెనే. అది కదిలిందంటే ఉక్కు ఎక్కడ ఉందో థర్మామీటర్ లేకుండానే తెలిసినట్టే.

లోతును నిర్ణయించేది ఫ్రీక్వెన్సీ

ఏసీ కరెంటు లోహంలో సమంగా పరుచుకోదు, ఉపరితలం వైపు ఒరిగి పారుతుంది. ఇదే స్కిన్ ఎఫెక్ట్. జాబ్‌లో పుట్టే వేడిలో సుమారు 86 శాతం ఎంత లోతులో ఇమిడి ఉంటుందో ఆ లోతును స్కిన్ డెప్త్ అంటారు. లెక్క ఇది: లోహపు రెసిస్టివిటీని (కరెంటును అడ్డుకునే గుణాన్ని) ఓమ్-మీటర్లలో తీసుకుని, దాన్ని సాపేక్ష పెర్మియబిలిటీ (అయస్కాంత క్షేత్రాన్ని పట్టే గుణం), ఫ్రీక్వెన్సీల లబ్ధంతో భాగించి, వర్గమూలం తీసి, 503తో గుణిస్తే లోతు మీటర్లలో వస్తుంది.

క్యూరీ దాటిన వేడి ఉక్కుకు ఈ లెక్క వేస్తే 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 76 మి.మీ., 1 కిలోహెర్ట్జ్ దగ్గర 17 మి.మీ., 10 కిలోహెర్ట్జ్ దగ్గర 5.4 మి.మీ., 100 కిలోహెర్ట్జ్ దగ్గర 1.7 మి.మీ. వస్తుంది. ఫ్రీక్వెన్సీ నాలుగింతలైతే లోతు సగమవుతుంది. ఇది ఒక్కటి నోటికి వస్తే కాగితం లేకుండా చాలా నిర్ణయాలు తీసుకోవచ్చు.

చల్లటి ఉక్కు కథ వేరు. దాని పెర్మియబిలిటీ ఎక్కువ, రెసిస్టివిటీ తక్కువ. అందుకే 10 కిలోహెర్ట్జ్ దగ్గర దాని స్కిన్ డెప్త్ పావు మిల్లీమీటరు పరిసరాల్లోనే ఉంటుంది. అంటే ఒకే జాబ్, ఒకే మెషిన్, అయినా వేడెక్కే కొద్దీ కరెంటు పావు మిల్లీమీటరు పొర నుంచి 5 మి.మీ. లోతుకు దిగిపోతుంది. పుస్తకంలో ఒక అంకె చూసి లెక్క వేసి, పనిలో మరోలా వచ్చిందని ఆశ్చర్యపోయేవాళ్లు మరిచిపోయేది ఈ మార్పునే.

మొదటి అడుగు: ఏం కావాలో కాగితం మీద పెట్టండి

మెషిన్ ఎన్ని కిలోవాట్లది కొనాలి అన్న ప్రశ్న ముందు వేయకండి. జాబ్ ఏ లోహం, ఎంత వ్యాసం, ఎంత పొడవు, ఏ ఉష్ణోగ్రతకు చేరాలి, మొత్తం కాలాలా లేక పైపొర మాత్రమేనా, గంటకు ఎన్ని ముక్కలు రావాలి, ఇవన్నీ రాసుకోండి. మొత్తం కాల్చడం, పైపొర కాల్చడం అన్నవి దాదాపు రెండు వేర్వేరు వృత్తులు. ఫోర్జింగ్ (సుత్తితో కొట్టి రూపమివ్వడం) కోసం బిల్లెట్‌ను (ఉక్కు దిమ్మెను) 1150 నుంచి 1250 డిగ్రీలకు నడి మధ్యదాకా కాల్చాలి, అందుకు నిమిషాలు పట్టవచ్చు. గేరు పంటిని గట్టిపరచాలంటే పైపొర మాత్రమే 850 నుంచి 950 డిగ్రీలకు కొన్ని సెకన్లలో చేరాలి, లోపల చల్లగానే ఉండాలి.

రెండో అడుగు: ఫ్రీక్వెన్సీ ఎంచుకోండి

మొత్తం కాల్చాలంటే జాబ్ వ్యాసం వేడి స్కిన్ డెప్త్‌కు కనీసం మూడు నాలుగు రెట్లు ఉండేలా చూడండి. అంతకన్నా తక్కువైతే ఎదురెదురు వైపుల కరెంట్లు మధ్యలో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, జాబ్ కాలదు, కరెంటు మాత్రం కాయిల్‌లో వృథాగా తిరుగుతుంది. ఫ్రీక్వెన్సీ మరీ ఎక్కువైతే పైపొర మాత్రమే కాలి, లోపలికి వేడి చేరేదాకా కాచుకోవాలి. 50 మి.మీ. కడ్డీకి 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ సరైన చోటు. 10 మి.మీ. కడ్డీని ఎర్రగా కాల్చాలంటే పదుల కిలోహెర్ట్జ్‌కు పోవాల్సిందే.

పైపొర హార్డెనింగ్‌లో, అంటే గట్టిపరిచే పనిలో, కావలసిన గట్టి పొర లోతు కన్నా వేడి స్కిన్ డెప్త్ కాస్త ఎక్కువ ఉంటే మేలు. అప్పుడు పై చర్మం మాడిపోకుండా పొర అంతా ఒక్కసారే వేడెక్కుతుంది. 3 మి.మీ. గట్టి పొరకు 10 కిలోహెర్ట్జ్, ఒక మిల్లీమీటరు పొరకు 200 నుంచి 400 కిలోహెర్ట్జ్ సాధారణంగా వాడేది.

మూడో అడుగు: పవర్ లెక్క

50 మి.మీ. వ్యాసం, 100 మి.మీ. పొడవున్న ఉక్కు బిల్లెట్ బరువు సుమారు 1.54 కిలోలు. గది వేడి నుంచి 1200 డిగ్రీలకు చేర్చడానికి కిలోకు దాదాపు 800 కిలోజౌళ్లు కావాలి, అంటే 0.22 యూనిట్ల కరెంటు. ప్రతి 20 సెకన్లకు ఒక బిల్లెట్ బయటికి రావాలనుకుంటే, సెకనుకు 0.077 కిలోల ఉక్కు కాలాలి. 800తో గుణిస్తే 62 కిలోవాట్లు. ఇది ఉక్కులోకి నికరంగా చేరాల్సిన వేడి. కాయిల్ రాగిలో పోయేది, ఉపరితలం నుంచి వెలుగుగా పోయేది, ఇన్వర్టర్‌లో (కావలసిన ఫ్రీక్వెన్సీలో ఏసీ ఇచ్చే భాగంలో) పోయేది కలిపి మొత్తం సామర్థ్యం 60 శాతం అనుకుంటే 103 కిలోవాట్లు కావాలి. కాబట్టి 125 కిలోవాట్ల మెషిన్ తీసుకుంటే ఊపిరాడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్రతి 20 సెకన్లకు బిల్లెట్ రావాలంటే ఒక్కో బిల్లెట్ 20 సెకన్లే కాలాలని కాదు. అంత తొందరగా కాలిస్తే పైన కరిగిపోయే స్థితికి వస్తుంది, లోపల సుత్తి దెబ్బకు లొంగదు. అందుకే 600 మి.మీ. పొడవు కాయిల్‌లో ఆరు బిల్లెట్లను వరుసగా పెట్టి, వెనక నుంచి ఒకటి తోస్తే ముందు నుంచి ఒకటి బయటపడేలా చేస్తారు. అప్పుడు ప్రతి బిల్లెట్‌కు 120 సెకన్లు దొరుకుతాయి, వేడి నడి మధ్యకు దిగడానికి ఆ వ్యవధి సరిపోతుంది.

హార్డెనింగ్‌లో బరువుతో పాటు ఉపరితల విస్తీర్ణం చూడాలి. చదరపు సెంటీమీటరుకు 1 నుంచి 2 కిలోవాట్లు అన్నది మొదలుపెట్టడానికి మంచి అంచనా. 30 మి.మీ. షాఫ్ట్ మీద 40 మి.మీ. వెడల్పు పట్టీని ఒకేసారి గట్టిపరచాలంటే విస్తీర్ణం 38 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి జాబ్‌లోకి 38 కిలోవాట్లకు తక్కువ కాకుండా చేరాలి. పవర్ చాలక సమయం పెంచితే వేడి లోపలికి పారిపోతుంది, గట్టి పొర అంచు మసకబారుతుంది, షాఫ్ట్ వంగే అవకాశమూ పెరుగుతుంది.

నాలుగో అడుగు: కాయిల్

నా దృష్టిలో ఇండక్షన్ పనిలో అసలు నైపుణ్యం ఇక్కడే ఉంది. అదే మెషిన్ మీద ఒకరి కాయిల్ నాలుగు సెకన్లలో పని ముగిస్తే, మరొకరిది పది సెకన్లు తీసుకుని కూడా సగం కాల్చి వదులుతుంది.

మెత్తబరిచిన రాగి గొట్టం తీసుకోండి. గొట్టం గోడ మందం రాగి స్కిన్ డెప్త్‌కు దాదాపు రెట్టింపు ఉండాలి. 10 కిలోహెర్ట్జ్ దగ్గర రాగి స్కిన్ డెప్త్ 0.66 మి.మీ., కాబట్టి 1.3 మి.మీ. గోడకు తగ్గకూడదు. వంచే ముందు గొట్టంలో పొడి ఇసుక దట్టించి రెండు చివరలూ మూయండి, లేకపోతే వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోయి నీళ్ల దారి సన్నబడుతుంది. వంచాక ఇసుక ఒక్క రేణువు కూడా మిగలకుండా గాలితో, తర్వాత నీళ్లతో కడగండి. అతుకులు వెండి బ్రేజింగ్‌తో (వెండి మిశ్రమాన్ని కరిగించి అతికే పద్ధతితో) వేయండి.

కాయిల్ ఆకారం జాబ్ ఆకారాన్ని అనుసరిస్తుంది. గుండ్రటి షాఫ్ట్‌కు స్ప్రింగ్‌లా చుట్టిన కాయిల్, చదును ముఖానికి జంతిక చుట్టలాంటి పాన్‌కేక్ కాయిల్, పొడవాటి అంచుకు హెయిర్‌పిన్ కాయిల్. రంధ్రం లోపలి గోడను కాల్చాలంటే లోపలికి దూరే సన్న కాయిల్ కావాలి. కానీ కాయిల్ బయట కన్నా లోపలే క్షేత్రం బలంగా ఉంటుంది కాబట్టి రంధ్రం పనికి ఆ బలం దక్కదు. అందుకే దాని మధ్యలో ఫెరైట్ (కరెంటు దాదాపు పారని అయస్కాంత పదార్థం) కోర్ పెడతారు.

కాయిల్‌కూ జాబ్‌కూ మధ్య ఖాళీ ఎంత తక్కువైతే పట్టు అంత బాగుంటుంది. హార్డెనింగ్‌లో 2, 3 మి.మీ. ఖాళీ సాధారణం. ఫోర్జింగ్‌లో మధ్యన రిఫ్రాక్టరీ (వేడిని తట్టుకునే) గొట్టం ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ వదలక తప్పదు. జాబ్ కాయిల్ మధ్యలో లేకపోతే దగ్గరున్న పక్క ముందు కాలుతుంది. గుండ్రటి జాబ్‌ను తిప్పుతూ కాల్చడం దీనికి చవకైన మందు. పొడవునా ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కాలుతుంటే, ఎక్కువ కాలే చోట చుట్ల మధ్య ఎడం పెంచండి, తక్కువ కాలే చోట దగ్గరకు నొక్కండి. ఒక్కోసారి 2 మి.మీ. సవరణే మొత్తం రంగును సమం చేస్తుంది.

కాయిల్ నుంచి మెషిన్‌కు పోయే రెండు కాళ్లను చాలామంది పట్టించుకోరు. వాటిని ఎడంగా వదిలితే వాటి మధ్య కూడా క్షేత్రం ఏర్పడి, జాబ్‌కు చేరాల్సిన వోల్టేజీ అక్కడే ఖర్చవుతుంది. రెండింటినీ వెడల్పు పట్టీలుగా చేసి, మధ్యన పలుచటి ఇన్సులేషన్ పెట్టి, ఒకదానికొకటి ఆనించినట్టు ఉంచండి. కాయిల్ చుట్టుపక్కల ఇనుప బోల్టు, ఇనుప క్లాంప్ ఉంటే అవి కూడా జాబ్‌లాగే కాలతాయి. ఇత్తడివి వాడండి.

కీవే (షాఫ్ట్ మీద కోసిన గాడి), నూనె రంధ్రం, పదునైన మూల ఉన్న జాబ్‌లు జాగ్రత్తగా చూడాల్సినవి. కరెంటు రంధ్రాన్ని చుట్టి పోవాలి కాబట్టి దాని అంచు మీద ఇరుక్కుని అక్కడ వేడి ఎగబాకుతుంది. క్వెంచింగ్ (చప్పున చల్లార్చడం) చేయగానే పగులు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. రంధ్రంలో రాగి బిరడా బిగించి కాలిస్తే కరెంటు నేరుగా పోతుంది, అంచు బతుకుతుంది.

ఐదో అడుగు: కెపాసిటర్లు, రెజొనెన్స్

కాయిల్ ఒక ఇండక్టర్. దానికి తగిన కెపాసిటర్ బ్యాంక్ జత చేస్తే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర రెండూ శ్రుతి కలుస్తాయి. అప్పుడు కాయిల్, కెపాసిటర్ల మధ్య వందల, వేల ఆంపియర్లు ఊయల ఊగుతున్నా, ఇన్వర్టర్ మీద వేడిగా ఖర్చయిన పవర్ భారమే పడుతుంది. 10 మైక్రోహెన్రీల కాయిల్‌కు 25 మైక్రోఫారడ్ల కెపాసిటర్ జత చేస్తే రెజొనెన్స్ 10 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఇందాక చెప్పినట్టు జాబ్ కాలే కొద్దీ ఈ ఫ్రీక్వెన్సీ మారుతుంది కాబట్టి, ఇప్పటి ఇన్వర్టర్లు ఫ్రీక్వెన్సీని తమంతట తామే వెంబడిస్తాయి. పెద్ద పవర్, తక్కువ ఫ్రీక్వెన్సీ కొలుములకు థైరిస్టర్లు, మధ్య శ్రేణికి ఐజీబీటీలు, వందల కిలోహెర్ట్జ్‌కు మాస్‌ఫెట్లు ఎలక్ట్రానిక్ స్విచ్‌లుగా వాడతారు. పవర్ పూర్తిగా ఎక్కడం లేదంటే కాయిల్ చుట్ల సంఖ్యో, మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపో, కెపాసిటర్ విలువో మార్చి చూడండి. ఆ మూడు దాటాకే మెషిన్‌ను అనుమానించండి.

ఆరో అడుగు: నీళ్లు

కాయిల్‌లో పారే నీళ్లు ఆగితే గొట్టం కరగడానికి సెకన్లు చాలు. కాబట్టి ఫ్లో స్విచ్, టెంపరేచర్ స్విచ్‌లను ఎవరూ బైపాస్ చేయకూడదు. ఉత్పత్తి ఆగిపోతుందని ఒక్క షిఫ్టు కోసం వైరు కలిపి నడిపిన చోట కాయిల్‌తో పాటు ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోవడం నేను చూశాను. ఆ షిఫ్టులో మిగిలిన గంటల కన్నా మరమ్మతుకు పట్టిన రోజులే ఎక్కువ.

ఇన్వర్టర్ వైపు క్లోజ్డ్ లూప్‌లో డీఎం వాటర్ (లవణాలు తీసేసిన నీళ్లు) తిప్పండి. మామూలు నీళ్లలో ఉండే లవణాలు గొట్టం లోపల పొలుసు కడతాయి, పైగా వోల్టేజీ ఉన్న భాగాల మధ్య నీళ్ల ద్వారా కరెంటు లీకై ఫిట్టింగులను తినేస్తుంది. నీళ్లు మరీ చల్లగా ఉండటం కూడా ప్రమాదమే. తేమ ఎక్కువగా ఉన్న రోజున చల్లటి నీళ్లు తిప్పితే బస్‌బార్ల మీద, ఐజీబీటీ పలకల మీద చెమట పడుతుంది. పొద్దున్నే స్విచ్ వేయగానే టప్‌మని పేలిన మెషిన్ల వెనక తరచూ ఈ చెమటే ఉంటుంది. లోపలికి వెళ్లే నీళ్లు గాలి డ్యూ పాయింట్ (తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా వెచ్చగా ఉండాలి. పని ఆపాక పవర్ తీసేసినా కొన్ని నిమిషాలు నీళ్లు పారనివ్వండి.

ఏడో అడుగు: మొదటి ముక్క, దాని పరీక్ష

రంగు చూసి ఉష్ణోగ్రత చెప్పగల కళ్లు కొందరికి ఉంటాయి, కానీ ఎండ వెలుతురులో ఆ కళ్లు కూడా మోసపోతాయి. రెండు రంగుల ఆప్టికల్ పైరోమీటర్ వాడితే స్కేల్ పొర వల్ల వచ్చే తప్పు కొంత తగ్గుతుంది. హార్డెనింగ్ అయితే మొదటి ముక్కను తప్పనిసరిగా కోసి చూడండి. కోసిన ముఖాన్ని నునుపు చేసి, నైట్రిక్ ఆమ్లం కొన్ని శాతం కలిపిన ఆల్కహాల్‌తో తుడిస్తే గట్టిపడిన పొర గీత గీసినట్టు విడిగా కనిపిస్తుంది. నెలవంకలాగా ఒక పక్క మందంగా, మరో పక్క పలుచగా ఉంటే జాబ్ మధ్యలో లేదన్నమాట. పొర సమంగా ఉండి, గట్టిదనం మాత్రం రాకపోతే క్వెంచింగ్ ఆలస్యమైందో, నీటి జల్లు రంధ్రాలు మూసుకుపోయాయో, స్టీల్‌లో కార్బన్ తక్కువ ఉందో చూడాలి. కార్బన్ 0.4 నుంచి 0.5 శాతం ఉన్న స్టీల్ రాక్‌వెల్ సి స్కేల్ మీద 55 పైకి సులువుగా వస్తుంది. 0.2 శాతం కార్బన్ ఉన్నదాన్ని ఎంత కాల్చినా ఆ గట్టిదనం రాదు.

క్వెంచ్ చేసిన జాబ్‌ను మర్నాటి దాకా అలా వదిలేయకండి. 150 నుంచి 200 డిగ్రీల దగ్గర టెంపరింగ్ (లోపలి ఒత్తిడి తగ్గేలా మళ్లీ కొద్దిగా వేడిచేయడం) చేయాలి. లోపలి ఒత్తిళ్ల వల్ల రాత్రికి రాత్రి బల్ల మీదే పగిలే జాబ్‌లు ఉంటాయి.

పరిశ్రమలో ఇది చేసే పనులు

లోహం కరిగించడం దీని మొదటి పెద్ద ఉపయోగం. 1900లో స్వీడన్‌లోని గీసింగెలో షెల్లిన్ అనే ఇంజినీరు కోర్ ఉన్న ఇండక్షన్ కొలిమిలో ఉక్కు కరిగించాడు. 1916 ప్రాంతంలో ఎడ్విన్ నార్త్రప్ ప్రిన్స్‌టన్‌లో కోర్ లేని కొలిమిని తయారుచేశాడు. ఇప్పటి ఫౌండ్రీల్లో ఉండేది ప్రధానంగా ఆ రెండో వంశమే. సిలికా లాంటి ర్యామింగ్ మాస్ (వేడిని తట్టుకునే పొడి) దట్టించిన మూస, దాని చుట్టూ నీళ్లు పారే కాయిల్, ఇంతే దాని నిర్మాణం. అయస్కాంత బలాలు కరిగిన లోహాన్ని తమంతట తామే కలియదిప్పుతాయి, లోహం మధ్యలో గుమ్మటంలా ఉబ్బుతుంది. మిశ్రమ లోహాలు బాగా కలవడానికి ఇది వరం. ఫ్రీక్వెన్సీ తగ్గే కొద్దీ కలియదిప్పే జోరు పెరుగుతుంది, మరీ పెరిగితే లైనింగ్ తొందరగా అరుగుతుంది. టన్ను ఇనుము కరిగించడానికి ఆచరణలో 500 నుంచి 600 యూనిట్లు పడుతుంది. ఇదే కొలిమిని వాక్యూమ్ గదిలో పెట్టి విమాన ఇంజిన్ల టర్బైన్ బ్లేడ్లకు కావలసిన నికెల్ సూపర్ అల్లాయ్‌లు కరిగిస్తారు.

హార్డెనింగ్ గురించి పైన చాలా చెప్పాను. క్రాంక్ షాఫ్ట్ జర్నళ్లు, క్యామ్ షాఫ్టులు, యాక్సిల్ షాఫ్టులు, గేర్ల పళ్లు, పట్టాల మీద నడిచే లీనియర్ గైడ్లు దీని ఇలాకా. పైపొర మార్టెన్‌సైట్‌గా (ఉక్కు గట్టిపడిన రూపంగా) మారేటప్పుడు కాస్త ఉబ్బుతుంది, లోపలి చల్లటి భాగం దాన్ని పట్టి ఉంచుతుంది. దానితో ఉపరితలంలో నొక్కుడు ఒత్తిడి మిగిలి, అలసట పగుళ్లు మొదలవకుండా అడ్డుకుంటుంది. అరుగుదల తగ్గించడమే ఈ పని లాభం అనుకునేవాళ్లు ఈ రెండో లాభాన్ని తెలుసుకోవాలి.

గొట్టాల వెల్డింగ్ నాకు అన్నిటికన్నా అందంగా కనిపించే పని. స్టీల్ పట్టీని రోలర్లు గొట్టంలా చుడుతూ తెస్తాయి. రెండు అంచులు వి ఆకారంలో దగ్గరవుతుండగా, 200 నుంచి 400 కిలోహెర్ట్జ్ పరిధిలో కాయిల్ పుట్టించిన కరెంటు ఒక అంచు వెంట పోయి, కలిసే బిందువు దగ్గర తిరిగి, రెండో అంచు వెంట వస్తుంది. ఎదురెదురుగా పారే కరెంట్లు అంచుల వైపే ఒరుగుతాయి కాబట్టి అంచు మాత్రమే కరిగే స్థితికి వస్తుంది, గొట్టం వీపు చల్లగా ఉంటుంది. ఆ క్షణంలోనే రోలర్లు అంచులను నొక్కేస్తాయి. గొట్టం లోపల ఒక ఫెరైట్ కడ్డీ ఉంచకపోతే కరెంటు లోపలి గోడ వెంట దారి తప్పుతుంది.

బేరింగులు బిగించడంలో లెక్క చిన్నది, లాభం పెద్దది. 100 మి.మీ. బోర్ ఉన్న బేరింగ్‌ను 20 నుంచి 110 డిగ్రీలకు వేడిచేస్తే బోర్ సుమారు 0.11 మి.మీ. తెరుచుకుంటుంది. సుత్తి అవసరం లేకుండా షాఫ్ట్ మీదికి జారిపోతుంది. 120 డిగ్రీలు దాటనివ్వకండి, చివర్లో డీమాగ్నెటైజ్ చేయడం మానకండి. అయస్కాంతం మిగిలిన బేరింగ్ ఇనుప రజనును తనలోకి లాక్కుని తనను తానే అరగదీసుకుంటుంది.

కార్బైడ్ కొనలను కటింగ్ టూల్స్‌కు, రాగి గొట్టాలను ఫిట్టింగులకు వెండి మిశ్రమంతో బ్రేజింగ్ చేయడంలో ఇండక్షన్ వేగమూ శుభ్రతా రెండూ ఇస్తుంది. సీసాల మూత కింద అల్యూమినియం రేకు అతికేది కూడా దీనితోనే. క్షేత్రం ప్లాస్టిక్ మూతను పట్టించుకోకుండా దాటి రేకును మాత్రమే వేడి చేస్తుంది, రేకు అడుగున ఉన్న పాలిమర్ కరిగి సీసా మూతికి అతుక్కుంటుంది. సెమీకండక్టర్ పరిశ్రమలో ఫ్లోట్ జోన్ పద్ధతిలో సిలికాన్ కడ్డీని మూస లేకుండానే, మెగాహెర్ట్జ్ శ్రేణి కాయిల్‌తో, కొద్ది భాగం చొప్పున కరిగిస్తూ శుద్ధి చేస్తారు. చల్లటి సిలికాన్ కరెంటును సరిగా పట్టుకోదు కాబట్టి ముందు దాన్ని వేరే దారిలో వేడిచేసి, ఆ తర్వాత కాయిల్‌కు అప్పగించాలి.

ఎక్కడ ఒప్పుకోకూడదు

రాగి, అల్యూమినియం కాల్చలేమని కాదు, కానీ వాటి రెసిస్టివిటీ తక్కువ, అయస్కాంత గుణం లేదు. రాగి జాబ్‌ను రాగి కాయిల్‌తో కాలిస్తే పవర్‌లో దాదాపు సగం కాయిల్ నీళ్లలోనే కొట్టుకుపోతుంది. రోజుకో ఆకారం వచ్చే చిన్న చిన్న పనులకు ప్రతిసారీ కొత్త కాయిల్ కావాలి, అలాంటి చోట మామూలు కొలిమే నయం. గంటల తరబడి నానబెట్టాల్సిన హీట్ ట్రీట్‌మెంట్‌కూ ఇది సరైన దారి కాదు.

ప్రాణాలకు సంబంధించిన జాగ్రత్తలు

కాయిల్ దగ్గర పనిచేసేవాళ్లు ఉంగరం, గాజు, లోహపు వాచీ తీసేయాలి. చేతి ఉంగరం కూడా ఒక చుట్టు ఉన్న సెకండరీయే. పేస్‌మేకర్ ఉన్నవారు నడుస్తున్న కాయిల్ దరిదాపులకు రాకూడదు. కరిగించే కొలిమిలో తడి స్క్రాప్, మూసి ఉన్న డబ్బాలు, గొట్టాలు వేయకూడదు. కరిగిన లోహం కింద చిక్కిన నీళ్లు ఆవిరై పేలితే లోహం పైకప్పు దాకా ఎగుస్తుంది. పైన వేసిన స్క్రాప్ గడ్డకట్టి వంతెనలా నిలిచిపోతే పవర్ పెంచకండి. కింద లోహం కనబడకుండా అతిగా వేడెక్కి లైనింగ్‌ను తినేస్తుంటుంది, పక్కనే కాయిల్ నీళ్లున్నాయి. ఎర్త్ లీకేజ్ డిటెక్టర్ చెప్పేది ఆ ప్రమాదం గురించే, కాబట్టి అది మోగితే కారణం దొరికేదాకా పవర్ ఇవ్వొద్దు.

కాయిల్ మార్చే ముందు మెయిన్ ఆపి తాళం వేసినా పని పూర్తికాలేదు. కెపాసిటర్లలో చార్జ్ మిగిలి ఉంటుంది. తయారీదారు చెప్పిన సమయం ఆగి, మీటరుతో చూసి, ఇన్సులేటెడ్ పిడి ఉన్న డిశ్చార్జ్ రాడ్‌తో టెర్మినళ్లను ఎర్త్‌కు కలిపి, మళ్లీ మీటరుతో చూసి, ఆ తర్వాతే స్పానర్ పట్టుకోండి.